టవర్ సంగతి సరే, ముందు మంచం తలవైపు గోడ చూడండి

ఇంట్లో రేడియేషన్ ఎంత ఉందో ఒకసారి చూసి చెప్పమని నన్ను పిలిచేవాళ్లు దాదాపు అందరూ ముందు కిటికీ దగ్గరికే తీసుకెళతారు. దూరంగా కనిపించే సెల్ టవర్‌ని చూపిస్తారు. దానివల్లే తలనొప్పి వస్తోందనో, పిల్లలకి సరిగ్గా నిద్ర పట్టడం లేదనో చెబుతారు. వైరింగ్ తనిఖీలు చేయడం నా పని. మీటర్ పట్టుకుని గదులన్నీ తిరగడం నాకు అలవాటైన వ్యవహారం. అందుకే నన్ను అడుగుతారు.

ఈ పనిలో ఉండి చూసినదాన్ని బట్టి, చదివినదాన్ని బట్టి నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటుంది. ఇంట్లో మన ఒంటికి తగిలే విద్యుదయస్కాంత క్షేత్రాల్లో పెద్ద వాటా కిటికీ అవతల నుంచి రాదు. చేతికందే దూరంలో ఉన్న వస్తువుల నుంచి, మనం తల పెట్టుకుని పడుకునే గోడలోని వైర్ల నుంచి వస్తుంది. దాన్ని తగ్గించుకోవడానికి ఏమీ కొనక్కర్లేదు. చాలాసార్లు మంచం జరిపితే సరిపోతుంది. కొన్నిసార్లు ఎలక్ట్రీషియన్‌ని పిలవాల్సి వస్తుంది, అప్పుడు కూడా పిలిచేది క్యాన్సర్ భయంతో కాదు, షాక్ భయంతో.

రేడియేషన్ అని అందరం కలిపి అనేస్తాం గానీ ఇందులో మూడు వేర్వేరు సంగతులున్నాయి. మొదటిది విద్యుత్ క్షేత్రం. వైరులో వోల్టేజి ఉంటే చాలు, లైటు వెలగకపోయినా ఇది ఉంటుంది. గోడ, చెక్క, మన చర్మం కూడా దీన్ని చాలావరకు ఆపేస్తాయి. రెండోది అయస్కాంత క్షేత్రం. కరెంటు పారుతున్నప్పుడే పుడుతుంది, ఆపేస్తే పోతుంది. కానీ ఇటుక గోడైనా కాంక్రీటైనా దీనికి అడ్డు కాదు, అటునుంచి ఇటు వచ్చేస్తుంది. ఇవి రెండూ మన ఇంటి కరెంటుతో పాటు సెకనుకు 50 లేదా 60 సార్లు అటూ ఇటూ ఊగుతుంటాయి, దీన్నే 50 లేదా 60 హెర్ట్జ్ అంటారు. మూడోది ఫోన్లు, వైఫై, టవర్లు పంపే రేడియో తరంగాలు. ఇవి సెకనుకు కోట్లసార్లు ఊగేవి. వీటికి కొలిచే మీటరు వేరు, లెక్క వేరు, పరిమితులు వేరు. అన్నిటినీ ఒకే గాటన కట్టి "రేడియేషన్ ఎక్కువుంది" అని ఎవరైనా చెబితే, ఏది, ఎంత, ఎంత దూరంలో అని అడగండి. జవాబు చెప్పలేకపోతే ఆ మాటను పక్కన పెట్టేయొచ్చు.

కరెంటు వైర్ల అయస్కాంత క్షేత్రం మీద అనుమానం కొత్తది కాదు. 1979లో అమెరికాలోని డెన్వర్‌లో నాన్సీ వర్ట్‌హైమర్, ఎడ్ లీపర్ అనే ఇద్దరు, క్యాన్సర్‌తో చనిపోయిన పిల్లల ఇళ్లు ఎక్కువ కరెంటు మోసే లైన్ల పక్కన ఎక్కువగా ఉన్నాయని రాశారు. వాళ్లు ఇళ్లల్లో కొలవలేదు, బయటి లైన్ల రకాన్ని బట్టి అంచనా కట్టారు. ఆ తర్వాత చాలా దేశాల్లో నిజంగానే ఇళ్లల్లో కొలిచి చూశారు. 2000లో ఆండర్స్ ఆల్‌బొమ్ బృందం అలాంటి తొమ్మిది అధ్యయనాల లెక్కలను ఒకచోట చేర్చింది. అయస్కాంత క్షేత్రం బలాన్ని మైక్రోటెస్లాల్లో కొలుస్తారు. సగటున 0.4 మైక్రోటెస్లాకి తక్కువ క్షేత్రంలో ఉన్న పిల్లల్లో రక్త క్యాన్సర్ ముప్పు పెరిగినట్టు కనిపించలేదు. వాళ్లే నూటికి 99 మందికి పైగా ఉన్నారు. 0.4 దాటిన మిగతా కొద్దిమందిలో మాత్రం ముప్పు దాదాపు రెండింతలుగా తేలింది. దీన్ని పట్టుకునే 2002లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ అయస్కాంత క్షేత్రాలను 2బి వర్గంలో, అంటే "క్యాన్సర్ కారకం అయ్యే అవకాశం ఉంది" అనే జాబితాలో చేర్చింది.

ఇక్కడ భయపెట్టేవాళ్లు ఆగిపోతారు. నేను ఇంకొంచెం ముందుకు వెళ్లమంటాను. 2బి అంటే అనుమానానికి కొంత ఆధారం ఉందని మాత్రమే. ముప్పు ఎంత పెద్దదో ఆ వర్గీకరణ చెప్పదు. కలబంద ఆకు మొత్తాన్నీ పిండి తీసిన సారం కూడా ఆ జాబితాలోనే ఉంది. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మొత్తం సాక్ష్యాన్ని తిరగేసి, ఇది కారణమే అని అనడానికి చాలదంది. జంతువుల మీద చేసిన ప్రయోగాలు దాన్ని బలపరచలేదు, అంత బలహీనమైన క్షేత్రం క్యాన్సర్ ఎలా తెస్తుందో చెప్పే విధానమూ దొరకలేదు. ఒకవేళ నిజంగానే కారణమనుకున్నా, ప్రపంచం మొత్తంలో పిల్లల రక్త క్యాన్సర్లలో 0.2 నుంచి 4.95 శాతం దాకా మాత్రమే దీని ఖాతాలోకి వస్తాయని అదే నివేదిక లెక్క కట్టింది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది ఇంగ్లండ్, వేల్స్ అధ్యయనం. హై టెన్షన్ లైన్లకు 200 మీటర్ల లోపు పుట్టిన పిల్లల్లో రక్త క్యాన్సర్ కొంత ఎక్కువగా ఉందని 2005లో ప్రకటించారు. 200 నుంచి 600 మీటర్ల మధ్య కూడా కాస్త ఎక్కువే కనిపించింది. కానీ 600 మీటర్ల దూరంలో ఆ లైను క్షేత్రం దాదాపు ఏమీ మిగలదు, ఇంట్లో ఉన్న వైర్లదే దానికన్నా ఎక్కువ. తర్వాత 2014లో ఇంకొన్నేళ్ల లెక్కలు కలిపి చూస్తే, పాత దశాబ్దాల్లో కనిపించిన ఆ తేడా 1980ల నుంచి కనిపించలేదు. లైన్లు అక్కడే ఉన్నాయి, క్షేత్రాలు తగ్గలేదు, ముప్పు మాత్రం తగ్గిపోయింది. అలాంటప్పుడు క్షేత్రాన్నే దోషిగా నిలబెట్టడం కష్టం. లైన్ల పక్కన ఎవరు నివసించేవారు, ఏళ్లు గడిచేకొద్దీ ఆ జనాభా ఎలా మారింది అన్నవాటికి ఇందులో పాత్ర ఉండి ఉండొచ్చు.

మరి పరిమితుల సంగతేంటి? ఇలాంటి రేడియేషన్ నుంచి రక్షణకు హద్దులు సూచించే అంతర్జాతీయ కమిషన్ ఐసీఎన్‌ఐఆర్‌పీ 2010లో 50 హెర్ట్జ్ దగ్గర సామాన్య ప్రజలకు పెట్టిన హద్దు 200 మైక్రోటెస్లా. అది నరాలను కదిలించే తక్షణ ప్రభావాలను దృష్టిలో పెట్టుకుని పెట్టింది. 0.4 ఎక్కడ, 200 ఎక్కడ! ఐదువందల రెట్ల తేడా. గొడవంతా ఈ సందులోనే నడుస్తోంది. హద్దు లోపలే ఉన్నాం కాబట్టి మాట్లాడొద్దని ఒకరంటారు, 0.4 దాటితే ఇల్లు ఖాళీ చేయమని ఇంకొకరంటారు. నా మట్టుకు నేను 0.4ని ప్రమాద రేఖగా చూడను. ఖర్చూ శ్రమా లేకుండా దాని కిందికి రాగలిగితే రావడం మంచిది అనుకుంటాను, అంతే. మామూలు ఇళ్లల్లో గది మధ్యలో కొలిస్తే 0.1 కూడా ఉండదు.

దూరం చేసే పని ఎంతటిదో అంకెల్లో చూస్తే నమ్మకం కుదురుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురించిన పట్టికలో హెయిర్ డ్రైయర్‌కి 3 సెంటీమీటర్ల దూరంలో 6 నుంచి 2000 మైక్రోటెస్లా దాకా ఉంది. 30 సెంటీమీటర్ల దగ్గర అది 0.01 నుంచి 7కి పడిపోయింది. మైక్రోవేవ్ ఓవెన్‌కి 30 సెంటీమీటర్ల దగ్గర 4 నుంచి 8, మీటరు దూరంలో 0.25 నుంచి 0.6. ఫ్రిజ్‌కి మీటరు దూరంలో 0.01 కూడా లేదు. మోటారు, ట్రాన్స్‌ఫార్మర్ లాంటి చిన్న వస్తువుల క్షేత్రం దూరం రెట్టింపైతే సుమారు ఎనిమిదో వంతుకి తగ్గిపోతుంది. అందుకే అడుగు వెనక్కి వేయడం కన్నా మంచి కవచం ఏ షాపులోనూ దొరకదు.

అయితే ఒక్క దూరం చూస్తే సరిపోదు, సమయం కూడా చూడాలి. హెయిర్ డ్రైయర్ రెండు నిమిషాలు వాడి పక్కన పెట్టేస్తాం. మంచం మీద ఏడెనిమిది గంటలు కదలకుండా ఉంటాం. 0.4 అనే అంకె కూడా రోజంతటి సగటు, ఏదో ఒక క్షణాన మీటర్ మీద కనిపించేది కాదు. కాబట్టి ఇల్లంతా మూలమూలా కొలవక్కర్లేదు. పడుకునే చోటు, చదువుకునే కుర్చీ, గంటల తరబడి కూర్చునే సోఫా, ఉయ్యాల ఉంటే ఉయ్యాల. ఈ నాలుగూ చూస్తే మిగతాదాని గురించి పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. మంచం తలవైపు గోడకు అవతల ఏముందో వెళ్లి చూడండి. మీటర్ బోర్డు, మెయిన్ డిస్ట్రిబ్యూషన్ బోర్డు, ఇన్వర్టర్, స్టెబిలైజర్ లాంటివి సరిగ్గా అక్కడే బిగించి ఉండటం నేను ఎన్నో ఇళ్లల్లో చూశాను. అవతలి గదిలోనో మెట్ల కిందో ఉంటాయి కాబట్టి వాటి గురించి ఎవరికీ ఆలోచన రాదు. మంచాన్ని ఎదుటి గోడకు తిప్పండి, లేదా గోడ నుంచి మీటరు ఇవతలకు జరపండి.

కొలిచే సాధనం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే భయాలు ఎక్కువగా ఇక్కడే పుడుతున్నాయి. ఫోన్‌లో వేసుకునే "ఈఎంఎఫ్ డిటెక్టర్" యాప్‌లు ఈ పనికి పనికిరావు. ఫోన్‌లో ఉండేది దిక్సూచి కోసం పెట్టిన సెన్సార్. అది భూమి అయస్కాంత క్షేత్రాన్ని చూపిస్తుంది. ఆ క్షేత్రం చోటుని బట్టి 25 నుంచి 65 మైక్రోటెస్లా దాకా ఉంటుంది, దిశ మారకుండా నిలకడగా ఉంటుంది. తెర మీద 45 అని చూసి, 0.4తో పోల్చుకుని గుండెలు బాదుకున్నవాళ్లు నాకు తెలుసు. అది పుట్టినప్పటి నుంచి మన చుట్టూ ఉన్నదే. ఇనుప బీరువా పక్కకి వెళితే ఆ అంకె ఇంకా మారుతుంది, దానికీ కరెంటుకీ సంబంధం లేదు. రేడియో తరంగాలను అయితే ఆ యాప్ అసలు కొలవలేదు.

కావాల్సింది మూడు దిశల్లోనూ ఒకేసారి కొలిచే అయస్కాంత క్షేత్ర మీటర్. ఒకే దిశలో కొలిచేదైతే ఒకే చోట పట్టుకుని మూడు వైపులకీ తిప్పి చూడాలి. రీడింగ్ తీసేటప్పుడు చెయ్యి కదపకూడదు, కదిలిస్తే భూమి క్షేత్రం వల్లే తప్పుడు అంకెలు వస్తాయి. మీటర్ మైక్రోటెస్లాల్లో చూపిస్తోందా, మిల్లీగాస్‌ల్లోనా అన్నది ముందే చూసుకోండి. పది మిల్లీగాస్‌లు ఒక మైక్రోటెస్లా. 4 మిల్లీగాస్‌లను 4 మైక్రోటెస్లాలు అనుకుంటే అక్కడికక్కడే పదింతలు బెంబేలు పడతాం. ఇంట్లో అన్నీ నడిచే సాయంత్రం వేళ ఒకసారి, అన్నీ ఆపేసి ఒకసారి కొలవండి. మెయిన్ స్విచ్ ఆపినా అంకె తగ్గకపోతే అది బయటి నుంచి వస్తోంది. తగ్గితే మన ఇంటిదే. అప్పుడు ఒక్కొక్కటే ఆన్ చేస్తూ ఏది ఆన్ చేస్తే పెరుగుతోందో పట్టుకోవచ్చు. విద్యుత్ క్షేత్రాన్ని చేతిలో పట్టుకున్న చవక మీటర్‌తో కొలవడం మాత్రం నమ్మదగిన పని కాదు. పట్టుకున్న మనిషి ఒళ్లే ఆ క్షేత్రాన్ని మార్చేస్తుంది.

మా పెద్దక్క వాళ్లింట్లో జరిగింది చెబితే ఇదంతా సులువుగా అర్థమవుతుంది. "ఒరేయ్, డాబా మీంచి చూస్తే ఆ టవర్ ఎంత దగ్గరగా ఉందో చూడరా, నాకు టెన్షన్‌గా ఉంది" అంది. టవర్ చూశాను. తర్వాత పిల్లల గదిలోకి వెళ్లి మంచం తలవైపు అయస్కాంత క్షేత్రం కొలిచాను. 0.7 మైక్రోటెస్లా ఉంది. గోడకు ఆనుకుని ఏ వస్తువూ లేదు, అవతలి వైపు బోర్డూ లేదు. వింత ఏమిటంటే, గోడ నుంచి వెనక్కి నడుస్తుంటే అంకె గబగబా తగ్గలేదు. రెట్టింపు దూరం వెళ్లాక సగమే అయింది. వస్తువు నుంచి వచ్చే క్షేత్రం అలా ఉండదు, చప్పున పడిపోతుంది. ఇలా నింపాదిగా తగ్గిందంటే ఎక్కడో ఒంటరి వైరు కరెంటు మోస్తోందని అర్థం.

మామూలుగా ఫేజ్, న్యూట్రల్ రెండూ ఒకే పైపులో పక్కపక్కనే పోతాయి. ఒకదాంట్లో వెళ్లిన కరెంటు ఇంకోదాంట్లో తిరిగి వస్తుంది కాబట్టి రెంటి క్షేత్రాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. రెండూ వేర్వేరు దారుల్లో పోతే ఆ కొట్టివేత ఉండదు. ఒంటరి వైరులో ఒక ఆంపియర్ పారితే మీటరు దూరంలో 0.2 మైక్రోటెస్లా వస్తుంది. ఐదు ఆంపియర్లు పారితే మీటరున్నర దూరంలో 0.67. నేను చూసిన అంకె సరిగ్గా ఆ చుట్టుపక్కలే ఉంది.

అన్నీ ఆపి ఒక్కొక్కటే ఆన్ చేయమన్నాను. హాల్లో ఏసీ కంప్రెసర్ అందుకోగానే పిల్లల గదిలో అంకె లేచింది. డిస్ట్రిబ్యూషన్ బోర్డు తెరిచి, ఏసీకి వెళ్లే పైపులోని వైర్లన్నిటినీ కలిపి క్లాంప్ మీటర్ (వైరుని విప్పకుండా చుట్టూ పట్టుకుని కరెంటు కొలిచేది) దవడల మధ్య పెట్టాను. వెళ్లే కరెంటు, వచ్చే కరెంటు సమానమైతే అక్కడ సున్నా రావాలి. దాదాపు ఐదు ఆంపియర్లు చూపించింది. అంటే ఫేజ్ మాత్రమే ఆ దారిన వెళుతోంది, న్యూట్రల్ ఇంకెక్కడి నుంచో తిరిగొస్తోంది. ఇంటికి మార్పులు చేయించినప్పుడు ఏసీకి కొత్త లైను లాగారు. ఫేజ్ కొత్త పైపులో తెచ్చి, న్యూట్రల్‌ని మాత్రం దగ్గర్లో ఉన్న లైట్ల జంక్షన్ బాక్సు నుంచి తీసుకున్నారు. ఆ లైట్ల వైరు పిల్లల గది గోడలోంచి పోతోంది.

ఇక్కడ అసలు ప్రమాదం 0.7 మైక్రోటెస్లా కాదు. లైట్ల కోసం వేసిన సన్నటి న్యూట్రల్ వైరు ఏసీ లోడు మొత్తాన్నీ మోస్తోంది. దానికి కాపలాగా ఏ ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తనే ఆగిపోయే స్విచ్) లేదు, ఎందుకంటే లైట్ల ఎంసీబీ లైట్ల ఫేజ్‌ని మాత్రమే చూస్తుంది. వేడెక్కి కాలినా ఏదీ ట్రిప్ అవదు. రేపు ఎవరైనా ఎలక్ట్రీషియన్ లైట్ల ఎంసీబీ ఆపేసి, వైరు చచ్చిందనుకుని న్యూట్రల్ విప్పితే షాక్ కొడుతుంది. ఇల్లంతటికీ కలిపి ఒకే ఆర్‌సీసీబీ (వెళ్లే కరెంటుకీ తిరిగొచ్చే కరెంటుకీ తేడా వస్తే ఆపేసే స్విచ్) ఉండటం వల్ల, దాని వరకు లెక్క సరిపోయి అదీ పట్టుకోలేదు. ఏసీ న్యూట్రల్‌ని దాని ఫేజ్ పక్కనే అదే పైపులో కొత్తగా లాగించాం. మంచం దగ్గర క్షేత్రం 0.05 కిందికి పడింది. బావగారు ఆ పాత జాయింటు తీసి చూపించారు. ఇన్సులేషన్ గోధుమ రంగుకి తిరిగి, గోరుతో గీకితే పెళుసుగా ఊడొస్తోంది.

అందుకే ఇంట్లో క్షేత్రాలు కొలవడం దండగని నేననను. మంచి ఫలితం వచ్చే చోటు ఇదే. ఎక్కడా వస్తువు లేకుండా ఎక్కువ అంకె కనిపిస్తే అది చాలావరకు వైరింగ్ లోపాన్ని పట్టిస్తుంది. మెట్ల దగ్గర టూ-వే స్విచ్‌లకి కింది నుంచి ఫేజ్, పై నుంచి న్యూట్రల్ తీసుకోవడం, ఎర్త్‌నీ న్యూట్రల్‌నీ ఇంటి లోపల ఎక్కడో కలిపేయడం, ఇవన్నీ అలాగే బయటపడతాయి. విద్యుత్ క్షేత్రం విషయంలోనూ ఇలాంటిదే ఒకటుంది. స్విచ్‌ని ఫేజ్‌కి బదులు న్యూట్రల్‌కి పెడితే, లైటు ఆపినా హోల్డర్ దాకా వోల్టేజి ఉంటుంది. టెస్టర్ పెడితే వెలుగుతుంది. బల్బు మార్చేవాళ్లకి అది ప్రాణాంతకం. బోర్డులు మాత్రం మీరు విప్పకండి. "క్లాంప్ మీటర్‌తో ప్రతి సర్క్యూట్ ఫేజ్, న్యూట్రల్ కలిపి చూడండి" అని మంచి ఎలక్ట్రీషియన్‌కి చెప్పండి, ఆయనకి అర్థమవుతుంది.

ఇప్పుడు టవర్ దగ్గరికి వద్దాం. ప్రజలు తిరిగే చోట్ల టవర్ల నుంచి వచ్చే రేడియో తరంగాలు అంతర్జాతీయ పరిమితుల్లో 0.002 శాతం నుంచి 2 శాతం దాకా ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. వైఫై రౌటర్ లెక్క మనమే వేసుకోవచ్చు. 100 మిల్లీవాట్లు అన్ని దిక్కులకీ ఏకధాటిగా పంపుతోందనుకుంటే, మీటరు దూరంలో చదరపు మీటరుకు 0.008 వాట్లు. ఆ తరంగాలకు 2020లో ఐసీఎన్‌ఐఆర్‌పీ పెట్టిన హద్దు 10 వాట్లు. అంటే హద్దులో పన్నెండు వందల వంతు కన్నా తక్కువ. మూడు మీటర్లు వెళితే అందులో తొమ్మిదో వంతు. పైగా రౌటర్ ఏకధాటిగా పంపదు, ఎక్కువసేపు ఖాళీగానే ఉంటుంది. చవక మీటర్ల మీద ఎర్రలైటు వెలగడానికి కారణం, అవి సగటు చూపకుండా ఒక్క క్షణపు శిఖరాన్ని పట్టుకోవడం. పరిమితులు మాత్రం నిమిషాల సగటు మీద పెట్టినవి.

దీనికి ఎదురుగా చెవికి ఆనించిన ఫోన్‌ని పెట్టి చూడండి. 4జీ ఫోన్ గరిష్ఠంగా 0.2 వాట్లు పంపుతుంది, అది కూడా చర్మానికి తగిలేంత దగ్గర నుంచి. టవర్ శక్తి వందల వాట్లున్నా అది మన దాకా వచ్చేసరికి పలచబడిపోతుంది, ఫోన్‌ది పలచబడే సందే లేదు. ఇంకో కీలకమైన సంగతి. ఫోన్ తన శక్తిని అవసరాన్ని బట్టి మార్చుకుంటుంది. టవర్ దగ్గరగా ఉండి సిగ్నల్ బాగుంటే చాలా తక్కువ శక్తితో మాట్లాడుతుంది. సిగ్నల్ ఒకటే గీత ఉంటే గొంతు చించుకుంటుంది. అంటే ఆ టవర్‌ని తీయించేస్తే మన తలకి తగిలే రేడియో శక్తి తగ్గదు, పెరుగుతుంది. ఈ మాట చెప్పినప్పుడు చాలామంది నమ్మరు. కానీ ఫోన్లు పనిచేసే పద్ధతే అది.

కాబట్టి తగ్గించుకోవాలంటే ఫోన్‌ని తలకి దూరం పెట్టడమే మార్గం. స్పీకర్‌లోనో ఇయర్‌ఫోన్‌తోనో మాట్లాడటం, లిఫ్ట్‌లోనూ సెల్లార్‌లోనూ సిగ్నల్ లేని చోట పెద్ద కాల్స్ పెట్టుకోకపోవడం, రాత్రి ఫోన్‌ని తలగడ పక్కన కాకుండా గది అవతల ఛార్జింగ్ పెట్టడం. తలగడ కింద ఫోన్ పెట్టి ఛార్జ్ చేయడాన్ని నేను రేడియేషన్ కోసం కాకపోయినా, వేడికి మంట అంటుకుంటుందని వద్దంటాను. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఫోన్‌ని ఆ పరికరానికి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి, పైజేబులో పెట్టకూడదు. ఇండక్షన్ స్టవ్ గురించి కూడా వాళ్లు తమ డాక్టర్‌ని అడగాలి. మిగతావాళ్లకి ఇండక్షన్ విషయంలో చెప్పాల్సింది చిన్నదే: గిన్నె అడుగు గీసిన వలయానికి సరిపోవాలి, మధ్యలో పెట్టాలి, పొట్ట ఆనించి నిలబడకూడదు. మైక్రోవేవ్ ఓవెన్ తలుపు వంకరపోయి సరిగ్గా మూసుకోకపోతే మార్చేయండి.

ఆరోగ్యం సంగతి చూస్తే, రేడియో తరంగాలను 2011లో అదే 2బి వర్గంలో పెట్టారు. 2018లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఎలుకల మీద చేసిన పెద్ద ప్రయోగంలో, రోజుకు తొమ్మిది గంటలు ఒళ్లంతా తరంగాలు సోకిన మగ ఎలుకల్లో గుండెలో కణుతులు కనిపించాయి. అదే ప్రయోగంలో ఆ మగ ఎలుకలు తరంగాలు సోకని వాటికన్నా ఎక్కువ కాలం బతికాయి కూడా. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన సమీక్ష మనుషుల మీద జరిగిన 63 అధ్యయనాలను పరిశీలించి, పదేళ్లకు పైగా ఫోన్ వాడినవాళ్లలో సైతం మెదడు క్యాన్సర్ పెరిగినట్టు లేదని తేల్చింది. దీన్ని చదివాక నాకు ఫోన్ అంటే క్యాన్సర్ భయం లేదు. దూరం పెట్టడం ఖర్చులేని జాగ్రత్త కాబట్టి పాటిస్తాను.

నాకు నిజంగా కోపం తెప్పించేది ఈ భయం మీద నడిచే వ్యాపారం. ఫోన్ వెనక అంటించే "చిప్" స్టిక్కర్లు సిగ్నల్‌కి అడ్డుపడితే ఫోన్ ఇంకా ఎక్కువ శక్తితో పంపుతుందని అమెరికా వినియోగదారుల రక్షణ సంస్థే హెచ్చరించింది. 2021 డిసెంబరులో నెదర్లాండ్స్ అణు భద్రతా సంస్థ, 5జీ నుంచి కాపాడతాయని అమ్ముతున్న పది వస్తువులను పరీక్షించి వాటిలో రేడియోధార్మిక పదార్థాలున్నాయని ప్రకటించింది. లాకెట్లు, కళ్లకి కట్టుకునే నిద్ర మాస్కు, పిల్లల చేతి పట్టీ అందులో ఉన్నాయి. కణాలను అసలు దెబ్బతీయగల రకం రేడియేషన్ అదే. లేని ముప్పుకి భయపడి ఉన్న ముప్పుని పిల్లల చేతికి కట్టారు.

మిగతావీ తక్కువేం కాదు. అల్యూమినియం రేకు 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రాన్ని ఆపదు. గోడకి రేకు అంటించి మేకు కొడితే అది లోపలి వైరుకి తగిలి గోడంతా కరెంటు పారొచ్చు. రేడియేషన్‌ని ఆపుతాయని గోడలకి వేసే కవచం రంగులు కరెంటుని మోస్తాయి కాబట్టి సరిగ్గా ఎర్త్ చేయకపోతే అదే ప్రమాదం. వైరుతో ఎర్త్‌కి కలిపి మంచం మీద పరిచే ఎర్తింగ్ దుప్పట్లు ఇంకో మోసం. మల్టీమీటర్ పెట్టి "చూడండి, మీ ఒంటి వోల్టేజి పడిపోయింది" అని చూపిస్తారు. వోల్టేజి పడిపోయింది నిజమే, ఎందుకంటే ఇప్పుడు ఒంట్లోంచి ఎర్త్‌కి దారి ఏర్పడింది. ఒంట్లో పారే సూక్ష్మమైన కరెంటు దానివల్ల పెరుగుతుంది. పక్కన ఏదైనా పరికరంలో లీకేజి ఉంటే ఆ దారే షాక్‌కి దారి. కరెంటులోని అలజడుల్ని "మురికి కరెంటు" అని పేరు పెట్టి, దాన్ని శుభ్రం చేస్తాయంటూ అమ్మే ప్లగ్గు ఫిల్టర్లలో ఉండేది కెపాసిటర్. అది రోజంతా కొంత కరెంటు లాగుతూ తన చుట్టూ తనే అయస్కాంత క్షేత్రం పుట్టిస్తుంది.

ఈ క్షేత్రాలు తగలగానే తలనొప్పి, మంట, నిద్రలేమి వస్తున్నాయని చెప్పేవాళ్ల గురించి నేను జాగ్రత్తగా మాట్లాడతాను. వాళ్ల బాధ కల్పితం కాదు. అయితే ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో పరీక్షించేవాళ్లకీ వాళ్లకీ తెలియకుండా చేసిన ప్రయోగాలున్నాయి. 2010 నాటి సమీక్షలో అలాంటివి 46, పాల్గొన్నవాళ్లు 1175 మంది. క్షేత్రం ఉందా లేదా అన్నది వాళ్లు మామూలు ఊహకన్నా బాగా కనిపెట్టలేకపోయారు. లక్షణాలు మాత్రం క్షేత్రం ఉందనుకున్నప్పుడు వచ్చాయి, నిజంగా ఉన్నా లేకపోయినా. అందుకే అలాంటి ఇంట్లో ఎర్రలైట్ల మీటర్ చూపించి "అబ్బో, చాలా ఎక్కువుంది" అనడం ఆ మనిషికి హాని చేయడమే. వాళ్లకి థైరాయిడ్, రక్తహీనత, మైగ్రేన్, నిద్రలో ఊపిరాడకపోవడం లాంటివి చూసే డాక్టర్ కావాలి. వెయ్యి రూపాయల రేకూ వద్దు, రేడియేషన్ ఆపుతుందని మంచం చుట్టూ కట్టే లక్ష రూపాయల గుడారమూ వద్దు.

ఇల్లు కట్టబోయేవాళ్లకి, మార్పులు చేయించేవాళ్లకి మాత్రం నా దగ్గర ఒక గట్టి విన్నపం ఉంది. ఖర్చు తక్కువైన జాగ్రత్తలు కట్టేటప్పుడే తీసుకోవడం సబబని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అంది. మీటర్ బోర్డు, ఇన్వర్టర్ పడకగది గోడకి రాకుండా గీత గీసినప్పుడే చూసుకోండి. అపార్ట్‌మెంట్లో ట్రాన్స్‌ఫార్మర్ గది ఉంటే దాని సరిగ్గా పైనున్న గదిని పిల్లలకి ఇవ్వకండి. ప్రతి సర్క్యూట్‌కీ దాని న్యూట్రల్ దాని ఫేజ్‌తోనే, అదే పైపులో రావాలని ఎలక్ట్రీషియన్‌తో ముందే ఒప్పందం చేసుకోండి, పని అయ్యాక క్లాంప్ మీటర్‌తో సున్నా చూపించమనండి. పైపులు గోడలో పూడ్చకముందే ప్రతి గోడకీ ఫోటో తీసి, ఏ పైపులో ఏ సర్క్యూట్ పోతోందో దాని మీదే రాసి, ప్రింటు ఒకటి డిస్ట్రిబ్యూషన్ బోర్డు తలుపు లోపల అంటించండి. కొన్నేళ్ల తర్వాత కొత్త ఏసీకి లైను లాగడానికి వచ్చేవాళ్లు న్యూట్రల్ కోసం దగ్గర్లోని జంక్షన్ బాక్సు విప్పేముందు అది చూస్తారు.